మా బొమ్మలను ఒడ్డుకు చేర్చిన అందరికీ కృతజ్ఞతలు

గోదావరి వరద మా లంకలోకి వచ్చినప్పుడు నా చిత్రాలను, మా అమ్మగారి లేసు నమూనాలను కాపాడి ఏటిగట్టుకు చేర్చిన ప్రతి ఒక్కరికీ మా ఇంటిల్లిపాది తరఫున నమస్కారాలు. ఇది ఇంటింటికీ వచ్చి చెప్పవలసిన మాట, వస్తాను కూడా. ఈలోగా, మీరు నెత్తిన పెట్టుకొని మోసిన ఆ కట్టల్లో ఏమున్నదో మీకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నీటిమట్టం 13.75 అడుగులకు చేరి రెండో ప్రమాద హెచ్చరిక జారీ అయ్యేసరికే మా ఊరి కాజ్‌వే మునిగిపోయింది. మా వారు ఊళ్లో లేరు. అత్తయ్యగారూ నేనూ బియ్యం, పప్పులు అటక మీదికి ఎక్కించగలిగాము గాని, చిత్రాలున్న భోషాణాన్ని కదపడం మా వల్ల కాలేదు. బొమ్మలు బయటికి తీసి అటక మీద పెడదామంటే పెంకుల సందుల్లోంచి వాన కారుతోంది. పక్కింటి బాబాయిగారు, వారి అబ్బాయిలు పడవలో టార్పాలిన్ పరిచి, పిన్నిగారు ఇచ్చిన దుప్పట్లలో కట్టలను చుట్టి, చీకటి పడేలోగా గట్టు దాటించారు. రైసుమిల్లు యజమానిగారు అడగకుండానే తమ మేడగది తాళం చేతిలో పెట్టారు.

ఆ కట్టల్లో ఉన్నవి నేను గీసినవే అయినా, నేనొక్కదాన్నే గీసినవి కావు. మా పుట్టిల్లు నరసాపురం దగ్గర. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలతో ఆ ప్రాంతానికి వచ్చిన లేసు అల్లిక ఎన్నో ఇళ్లలో ఆడవాళ్ల చేతికి నాలుగు డబ్బులు తెచ్చిన పని. మా అమ్మ మధ్యాహ్నం వంటిల్లు కడుక్కొని, దారపు ఉండ ఒళ్లో పెట్టుకొని అరుగు మీద కూర్చునేది. ఎన్ని గళ్లు అల్లాలో, ఎన్ని వదలాలో పెదవులు మాత్రమే కదుపుతూ లెక్కపెట్టుకునేది. “ఖాళీ చూసుకోవే, దారం దానంతటదే వస్తుంది” అనేది. నీటిరంగుల్లో తెల్లరంగు పూయకుండా కాగితాన్నే తెలుపుగా వదిలిపెట్టడం నాకు అబ్బింది ఆ అరుగు మీదే, ఆ తరువాత ఏ గురువుగారు నేర్పినా దాని మీదనే నేర్పారు.

మెట్టినింట నాకు దొరికినది వెలుగు, వ్యవధి. మండువా లోగిలిలో వెలుతురు పైనుంచి దిగుతుంది. పొద్దున పడమటి వసారా స్తంభాల మీద ఉన్నది మధ్యాహ్నానికి నట్టనడుమ గచ్చు మీదికి వస్తుంది. నా చిత్రాల్లో మనుషుల ముఖాల కంటే భుజాలు, మోకాళ్లు, ఒళ్లో చేతులు ఎక్కువ వెలుగుతూ కనిపించడానికి కారణం అదే. ఉత్తరపు వసారా నాకు వదిలిపెట్టి, నేను బొమ్మ ముందు కూర్చున్న పూటల్లా పిల్లల అన్నాలు తామే చూసుకున్న అత్తయ్యగారి పేరు నా చిత్రాల మీద ఎక్కడా ఉండదు. ఉండాలని నా అభిప్రాయం.

రాజమహేంద్రవరం చిత్రకారులు దామెర్ల రామారావుగారు (1897–1925) ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో కన్నుమూశారు. ఆయన భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు కూడా చిత్రకారిణులే. ఆ ఇంటివారు, వరదా వెంకటరత్నంగారి వంటి మిత్రులు కంటికి రెప్పలా చూసుకోబట్టే ఆయన చిత్రాలు ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో ఈనాటికీ మనకు కనిపిస్తున్నాయి. బొమ్మ పుట్టడానికే కాదు, బతకడానికి కూడా ఒక ఇల్లు కావాలి. నా విషయంలో ఆ పని ఊళ్లోని పది ఇళ్లు కలిసి చేశాయి.

పడవలో అడుగున ఉన్న కట్ట ఒకటి తడిసింది. రాజమహేంద్రవరం నుంచి మా డ్రాయింగు మాస్టారు ఫోనులో దారి చూపించారు: అంటుకున్న కాగితాలను లాగవద్దని, ఎండలో పెట్టవద్దని, బ్లాటింగు పేపర్ల మధ్య పరిచి తడి పీల్చినప్పుడల్లా మార్చుతూ ఫ్యాను గాలికే ఆరనివ్వాలని, రెండు రోజులు దాటితే బూజు పట్టడం మొదలవుతుందని. మిల్లువారి కోడలు, ఆమె స్నేహితురాళ్లు రాత్రంతా నాతో కూర్చొని ఆ కాగితాలు మార్చారు. అమ్మ చేతులు గీసిన బొమ్మలో చీర నీలం కరిగి లేసు అంచులోకి పాకింది; నేను తెల్లగా వదిలిన గళ్లలో కొన్ని ఇప్పుడు లేతనీలంగా ఉన్నాయి. దాన్ని దిద్దను. మీ చేతుల మీదుగా వచ్చినది వచ్చినట్టే ఉంచుతాను.

సంక్రాంతికి ఈ చిత్రాలన్నీ మా మండువాలో కడుతున్నాము, అమ్మ లేసు నమూనాలు కూడా పక్కనే ఉంటాయి. అందరూ పిల్లలతో రావాలి. పిన్నిగారూ, మీ దుప్పట్లు ఉతికి ఉంచాము, రేపు మా వారు తెచ్చి ఇస్తారు.