డిసెంబర్ వార్తాలేఖ: మన పిల్లలు పరాయి దేశపు ఊరికి రాయబోయే ఉత్తరాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల తొమ్మిదో తరగతి పిల్లలు సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో సిస్టర్ సిటీల గురించి తెలుసుకున్నారు. వేర్వేరు దేశాల్లోని రెండు నగరాల మున్సిపాలిటీలు స్నేహ ఒప్పందం చేసుకోవడమే ఇది. హైదరాబాద్‌కు అమెరికాలోని ఇండియానాపోలిస్‌తో అలాంటి ఒప్పందం ఉంది.

"సంతకాలు, శాలువాలు తప్ప అందులో ఏముంటది సార్?" అని మొన్నటి సమావేశంలో ఒక తండ్రి అడిగారు. నిజమే, చాలా ఒప్పందాలు ఫోటోలతోనే ఆగిపోతాయి. కానీ పిల్లలను పట్టుకున్నది మాత్రం ఒక టేబుల్ క్లాత్. 1940 నవంబర్‌లో జర్మన్ బాంబులకు ఇంగ్లండ్‌లోని కొవెంట్రీ తగలబడింది. ఆ తర్వాత రష్యాలోని స్టాలిన్‌గ్రాద్ నగరం అంతకంటే ఘోరంగా నేలమట్టమైతే, కొవెంట్రీ ఆడవాళ్లు ఒక గుడ్డ మీద తమ పేర్లు దారంతో కుట్టి, తలా ఆరు పెన్నీలు వేసి అక్కడికి పంపారు. ఎనిమిది వందలకు పైగా పేర్లు! 1944లో ఆ రెండు నగరాలు జతకట్టాయి. బాంబులు వేసిన దేశంలోని డ్రెస్డెన్‌తోనూ కొవెంట్రీ 1959లో చేయి కలిపింది. ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక 2022లో, ఇప్పుడు వోల్గోగ్రాద్‌ అని పిలుస్తున్న ఆ పాత స్టాలిన్‌గ్రాద్‌తో సంబంధాన్ని ఆపేసింది. అదీ దాచకుండా చెప్పాం. ఆపడం న్యాయమేనా అని క్లాసులో గంట మోగినా వాదన తెగలేదు.

పరదేశాలతో పరిచయం మనకు కొత్తేమీ కాదు. మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన గణపతిదేవుడు ఏలింది ఈ ఓరుగల్లు నుంచే. 2022లో వరంగల్ యునెస్కో లెర్నింగ్ సిటీల (అన్ని వయసుల వారికీ నేర్చుకునే అవకాశం కల్పించే నగరాల) నెట్‌వర్క్‌లో చేరింది కూడా.

సంక్రాంతి సెలవుల తర్వాత మన పిల్లలు విదేశంలోని ఒక బడికి ఉత్తరాలు రాస్తారు, చేతిరాతతోనే. దయచేసి పక్కన కూర్చొని చెప్పి రాయించకండి. వేయిస్తంభాల గుడి గురించి అవతలి వాళ్లు ఎక్కడైనా చదువుకోగలరు. సకినం చుట్టేటప్పుడు నాయనమ్మ వేళ్ల సందుల నుంచి పిండి ఎలా జారుతుందో, కొత్తవాడలో జంపఖానా నేసే మగ్గం చప్పుడు ఎలా ఉంటుందో మన పిల్లలే చెప్పాలి. అక్షర దోషాలు ఉంటే ఉండనివ్వండి.

ఉత్తరాల్లో ఇంటి చిరునామా, ఫోన్ నంబర్, ఫోటో ఉండవు. అన్నీ బడి చిరునామాతోనే వెళ్తాయి, తపాలా ఖర్చు బడిదే. అంగీకార పత్రం డైరీలో పెట్టి పంపాం. వచ్చే శనివారంలోగా సంతకం చేసి క్లాస్ టీచర్‌కు అందజేయండి. ఇష్టం లేకపోతే అదే కాగితం మీద ఆ మాట రాస్తే చాలు, కారణం అడగం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు