ఎన్నో రోజు జ్వరమో అడగండి

సంపాదకులకు నమస్కారం.

మా పెద్దవాడు మలేషియా నుంచి కావలికి వచ్చిన మూడో రోజే జ్వరం, ఒళ్లునొప్పులతో పడిపోయాడు. జ్వరం వచ్చిన ఎనిమిదో రోజు ఒక ల్యాబ్‌లో ఎన్ఎస్1 పరీక్ష (రక్తంలో డెంగీ వైరస్ ప్రోటీన్ ఉందేమో చూసేది) చేసి ‘డెంగీ లేదు’ అన్నారు. అది మొదటి ఐదు రోజుల్లోనే బాగా పట్టిస్తుందని, తర్వాత ఐజీఎం (వైరస్‌పై ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల పరీక్ష) చేయాలని ఎవరూ చెప్పలేదు. ఏ దేశం నుంచి వచ్చాడనీ అడగలేదు. నా టెన్షన్ ఆ దేవుడికే తెలుసు. నెల్లూరులో ఐజీఎం చేయిస్తే డెంగీ అని తేలింది.

2024 డిసెంబరులో మన నెల్లూరు జిల్లా మర్రిపాడు మండలంలో జికా (డెంగీలాగే దోమలతో వచ్చే వైరస్ జబ్బు) అనుమానం వస్తే నమూనాలు పుణెలోని వైరాలజీ ల్యాబ్‌కు పంపాల్సి వచ్చింది. గర్భిణికి జికా సోకితే బిడ్డ మెదడే దెబ్బతినవచ్చు. ప్రయాణికులను చూసే ప్రతి క్లినిక్‌లో ఏ రోజు ఏ పరీక్ష చేయాలో, నమూనా ఎక్కడికి పంపాలో గోడ మీద రాసి పెట్టాలి. డెంగీ, చికున్‌గున్యా, జికా మూడింటికీ పీసీఆర్ (వైరస్ జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) నెల్లూరులోనే జరిగేలా చూడాలని అధికారులను వేడుకుంటున్నాను.

– ఒక తల్లి, కావలి