బాలోస్ బీచ్ యాత్రపై ట్రావెల్స్ కంపెనీకి ఫిర్యాదు

మేనేజర్ గారికి,

విషయం: క్రీట్ ద్వీపంలోని బాలోస్ బీచ్ గురించి తప్పుడు సమాచారం ఇచ్చి, మాకు నష్టం కలిగించడం.

పోయిన సెప్టెంబరులో మీ ప్యాకేజీ మీద నలుగురం గ్రీస్ వెళ్లొచ్చాం. ఏథెన్స్‌లో, శాంటోరినిలో ఏ లోటూ రాలేదు. గొడవంతా బాలోస్ దగ్గరే.

ఆ రోజుకి మీరు రాసిచ్చింది రెండు ముక్కలు: "జనం తాకిడి లేని బీచ్. కారు బీచ్ దాకా వెళ్తుంది."

వెళ్లదండీ. కిస్సమోస్ పట్టణం దాటి కలివియాని ఊరొచ్చాక తారు రోడ్డు అయిపోతుంది. అక్కణ్ణుంచి దాదాపు 8 కిలోమీటర్లు రాళ్లు తేలిన మట్టిరోడ్డు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఎక్కడో కింద సముద్రం, దారికి అడ్డంగా మేకలు. హారన్ కొడితే తలెత్తి చూసి మళ్లీ పడుకున్నాయి. వెనక టైరు చీలిపోయింది. మట్టిరోడ్డు మీద టైర్లకు ఇన్సూరెన్స్ వర్తించదని అగ్రిమెంట్‌లోనే ఉందంటూ కారు అద్దెకిచ్చినవాళ్లు డిపాజిట్‌లో 140 యూరోలు పట్టుకున్నారు. ఆ కారు బుక్ చేసింది మీరు. అగ్రిమెంట్ మాకు చూపించనే లేదు.

ఇక పార్కింగ్ కొండ మీద, బీచ్ కొండ కింద. మెట్లు, జారే రాళ్ల బాట. మా అమ్మకు మోకాళ్ల నొప్పులని బుకింగ్ ఫారంలోనే రాశాను. సగం దారిలో కొంగు తలమీద కప్పుకుని ఓ బండమీద కూర్చుండిపోయింది. "మీరెళ్లి రండి, నాకిక్కణ్ణుంచే కనిపిస్తోందిగా" అంది. బీచ్‌ని మాత్రం నేనేమీ అనను. మోకాలి లోతు నీళ్లు, అడుగున ఇసుక రేణువు కూడా కనిపించేంత తేట. అంతదూరం వెళ్లీ అమ్మ కాలు ఆ నీళ్లలో పెట్టలేదు.

కిందికి దిగాక అసలు సంగతి తెలిసింది. కిస్సమోస్ రేవు నుంచి పడవలు నేరుగా బీచ్‌కే వస్తాయి! మా అమ్మ వయసువాళ్లు కొండ దిగే పని లేకుండా ఇసుకలోకి నడిచొస్తున్నారు. మధ్యాహ్నానికి వందలమంది. మీ రెండు ముక్కల్లో ఒక్కటీ నిజం కాలేదు.

టైరుకు పోయిన 140 యూరోలు, ఆ రోజు కారు అద్దె 15 రోజుల్లో వాపసు చేయండి. ఐటినరరీలో ఆ వాక్యాలు మార్చి, పడవ సంగతి రాయండి. లేదంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను.

టైరు బిల్లు, బుకింగ్ ఫారం కాపీ జత చేస్తున్నాను. మోకాళ్ల సంగతి రాసినచోట ఎర్ర ఇంకుతో గీత గీశాను, ఈసారైనా కనపడుతుందని.

ఇట్లు,
మీ కస్టమర్,
హైదరాబాద్