పాత సమాధుల తోటకు తాళం వేస్తే సరిపోదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. పాత సమాధుల దగ్గర ప్రీవెడ్డింగ్ షూట్లు, రీల్స్ ఎక్కువైపోయాయని, అలాంటి చోట్లకు బయటివాళ్ళను అసలు రానివ్వకుండా గేట్లు మూసేయాలని ఒక పాఠకుడు మీ పత్రికకు రాశారు. ఆయన కోపం నాకు అర్థమైంది. గోరీ ఎక్కి పాటకు స్టెప్పులేస్తుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నా పేచీ అంతా తాళం వేయమన్న మాట దగ్గరే.

నేను బ్యాంకు ఆడిట్ పని మీద ముప్పై ఏళ్ళు ఊళ్ళు తిరిగినవాణ్ణి. మధ్యాహ్నానికే పని తెమిలి, రాత్రికి గానీ రైలు లేని రోజుల్లో పాత సమాధుల తోట ఎక్కడుందో కనుక్కుని వెళ్ళడం అలవాటైంది. మాల్స్ ఏ ఊళ్ళో చూసినా ఒకటే. ఆ ఊరికి ఎక్కడెక్కడి నుంచి ఎవరెవరు వచ్చారో, ఎంత వయసులో పోయారో ఈ రాళ్ళ దగ్గరే తెలుస్తుంది. మొదట్లో ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా అత్తగారు గడప తొక్కనిచ్చేవారు కాదు. పెరట్లో పంపు కింద తలస్నానం చేశాకే కాఫీ. రైల్లో ఒక రాత్రంతా గడిపి వచ్చినా మైల వదలదన్నమాట. ఒకసారి ఉండబట్టలేక అడిగాను: "మరి మంత్రాలయం వెళ్ళి రాఘవేంద్రస్వామి బృందావనం చుట్టూ ప్రదక్షిణలు చేస్తాం కదండీ, బ్రహ్మంగారి మఠానికి వెళ్ళి సమాధికి దణ్ణం పెడతాం కదా?" "అది వేరు" అన్నారు. ఎందుకు వేరో ఈ రోజుకీ చెప్పలేదు.

కలకత్తాలో సౌత్ పార్క్ స్ట్రీట్ సమాధుల తోట నేను చూసినవాటిలో పెద్దది. 1767లో మొదలైంది. ఇప్పుడు హోటళ్ళతో, షాపులతో కళకళలాడే పార్క్ స్ట్రీట్‌కు ఒకప్పటి పేరు బరియల్ గ్రౌండ్ రోడ్. గేటు దగ్గర టికెట్ కొని లోపలికి అడుగు పెడితే కార్ల హారన్లు ఒక్కసారిగా వెనకబడిపోతాయి. చెట్ల నీడలో పిరమిడ్లు, గుమ్మటాలు, ఇటుక కట్టి సున్నం పూసిన స్తంభాలు, నాచు పట్టి నల్లబడి ఉంటాయి. సంస్కృత పండితుడు సర్ విలియం జోన్స్ సమాధి వాటన్నిటికన్నా ఎత్తుగా లేచి ఉంటుంది. హిందూ దేవుళ్ళను కొలిచి 'హిందూ స్టువర్ట్' అనిపించుకున్న సైనికాధికారికి గుడి లాంటి సమాధి కట్టారు. కలకత్తా కవి, అధ్యాపకుడు డెరోజియో పోయింది 22 ఏళ్ళకు. రోజ్ ఐల్మర్ అనే అమ్మాయికి ఇరవై. వయసులు చదువుకుంటూ పోతే గుండె బరువెక్కుతుంది. అక్కడున్నవాళ్ళలో ఎందరినో జ్వరాలే పట్టుకుపోయాయి. ఆ జ్వరాల్లో ఒకటైన మలేరియా గుట్టును దోమ కడుపులో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో మన సికింద్రాబాదులో.

నేను అక్కడికి ముఖ్యంగా వెళ్ళింది కల్నల్ కాలిన్ మెకంజీ కోసం. ఏలూరికి చెందిన, కావలి ఇంటిపేరున్న సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్యల సాయంతో మన ఊళ్ళ కైఫియత్తులు, అంటే ఊరి చరిత్రలు, రాయించి పెట్టిన దొర ఈయనే. 1821లో పోతే అక్కడే పాతిపెట్టారు. గంటసేపు తిరిగాను. సమాధి దొరకలేదు గానీ, రాస్ గారి దోమలు మాత్రం దొరికాయి. రైలు టైమైపోతోందని బయటపడ్డాను.

ఇక మన తీరంలో ఒక ఊరి సంగతి. డచ్చివాళ్ళ సమాధులకు పేరుపడ్డ బందరూ కాదు, భీమిలీ కాదు, ఇంకోటి. పేరు రాయను. గేటుకు తాళం ఉంది. తాళంచెవి ఫలానా ఆఫీసులో ఉందన్నారు. ఆ ఆఫీసుకు వెళ్తే తాళంచెవి దగ్గర పెట్టుకునే మనిషి సెలవులో ఉన్నాడన్నారు. తిరిగొచ్చి గోడ చుట్టూ నడిస్తే వెనక వైపు ఆటో పట్టేంత గండి! లోపల తుమ్మ చెట్లు, మందు సీసాలు. మధ్యలో పెద్ద నల్లరాయి మీద పాత పంచె పరిచి ఒక ముసలామె గుమ్మడి వడియాలు పెడుతోంది. నన్ను చూసి కంగారుపడలేదు. "దొరగారి రాయి బాబూ, పెనంలాగా కాలుద్ది, రెండు రోజుల్లో గలగలమంటాయి" అంది. పంచె అంచు ఎత్తి చూపించింది. ఏ భాషో తెలియని అక్షరాలు, కింద ఒక సంవత్సరం. "ఏం రాశారు బాబూ?" అని అడిగింది. అంకెలు తప్ప నాకూ తెలియలేదు. ఆ మధ్య ఎవరో ట్రాక్టర్ వేసుకొచ్చి ఇంటి మెట్లకని రాళ్ళు లేపబోతే తనే కేకలేసి తరిమిందట.

ఇంతకూ ఆ తాళం ఆపింది ఎవరిని? నన్ను. తాగేవాళ్ళకీ ట్రాక్టర్‌వాళ్ళకీ గండి ఉంది.

తెరిచిపెట్టి చూసుకుంటే ఎలా ఉంటుందో హైదరాబాదులోనే చూడొచ్చు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఏళ్ళ తరబడి పని చేసి సున్నపు పూతలు, మెట్ల బావులు మళ్ళీ నిలబెట్టారు. జనం టికెట్ కొనుక్కుని వెళ్ళి చూస్తున్నారు. అదే నగరంలో మూసారాంబాగ్ మెట్రో స్టేషన్‌లో రోజూ దిగేవాళ్ళలో ఎంతమందికి తెలుసు, ఆ పేరు నిజాం కొలువులో పనిచేసి 1798లో పోయిన రేమండ్ అనే ఫ్రెంచి సేనాని పేరు మీద వచ్చిందని? ఆయన సమాధి అక్కడికి దగ్గర్లో ఆస్మాన్‌గఢ్ గుట్ట మీదే ఉంది. స్టేషన్‌లో ఒక బోర్డు, బాణం గుర్తు పెడితే కొందరైనా అటు నడుస్తారు.

కాబట్టి నేను కోరేది ఇదీ. పగటి వేళ గేట్లు తీయండి. ఒక కాపలా మనిషిని పెట్టి అతనికి నెల నెలా జీతం ఇవ్వండి, టికెట్ పెట్టినా ఇబ్బంది లేదు. అక్కడెవరున్నారో పది లైన్లు తెలుగులో రాసి పెట్టండి. సెల్‌ఫోన్ ఫొటో తీసుకునేవాణ్ణి వదిలేసి, లైట్లు, మేకప్ సామాను మోసుకొచ్చే షూటింగులకు గేటు దగ్గరే జరిమానా వేయండి. ఇప్పటికీ తమవాళ్ళను ఖననం చేసుకుంటున్న చోట్ల మాత్రం ఆ కుటుంబాలవాళ్ళ మాటే చెల్లాలి. వాళ్ళు వద్దంటే మనం వెనక్కి తిరగాల్సిందే.

ఆ తీరపు ఊళ్ళో గండి పూడ్చి గేటు తీసే రోజొస్తే, ఆ ముసలామెకు రోజూ లోపలికి వచ్చే వీలుండాలని కూడా మనవి. ఇన్నాళ్ళూ జీతం లేని వాచ్‌మన్ ఆవిడే. వడియాలకు రాయి కాకపోతే నాలుగడుగుల ఎండ చూపిస్తే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
విజయవాడ