పైన్ కుటుంబం గురించి చిన్నికి

చిన్నీ,

నీ ఉత్తరం అందింది. నేను కులాసా. ఉద్యోగం మామూలే, రాయడానికేం లేదు. నువ్వడిగిన పైన్ల సంగతే రాస్తాను, అది రాస్తుంటే ఇంట్లో కూర్చున్నట్టుంటుంది.

సూదుల్లాంటి ఆకులు, శంకువులు (విత్తనాలుండే పొలుసుల కాయలు) కనబడగానే పైనేసీ, అంటే పైన్ కుటుంబం, అని రాసేయకు. సరుగుడు పూలు పూసే మొక్క. దానికి సూదుల్లా కనిపించేవి కణుపులున్న సన్న కొమ్మలు, అసలు ఆకులు ఆ కణుపుల దగ్గర చిన్న పొలుసుల్లా ఉంటాయి. అరకేరియా అనే శంకువుల చెట్టు కూడా వేరే కుటుంబమే, దాని శంకువులో పొలుసుకి విత్తనం ఒక్కటే. పైనేసీలో శంకువు పొలుసు పైవైపు రెండు అండాలు (విత్తనాలయ్యేవి) తలకిందులుగా ఉంటాయి. ఆ పొలుసు కింద ఉండే బ్రాక్ట్ అనే చిన్న ఆకులాంటి రెక్క దానితో అతుక్కోకుండా దాదాపు విడిగా ఉంటుంది. సైప్రస్ కుటుంబంలో ఆ రెండూ కలిసిపోతాయి. ఈ గుర్తులు కుదిరాకే ముందుకెళ్లు.

కుటుంబంలో 11 ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు), 200కు పైగా జాతులు. అందులో దాదాపు సగం పైనస్‌వే, అంటే అసలు పైన్లవే. అన్నీ ఉత్తరార్ధగోళానివే. సుమత్రాలో ఒక్క పైనస్ మెర్కుసీ మాత్రం భూమధ్యరేఖ దాటి కిందికి దిగింది.

వర్గీకరణలో నీకు తికమక ఎక్కడో నాకర్థమైంది. 1753లో మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఫిర్, స్ప్రూస్, లార్చ్, దేవదారు ప్రజాతి (సీడ్రస్) చెట్లన్నిటినీ పైనస్‌లోనే పెట్టాడు. తర్వాతివాళ్లు కొమ్మల తీరు పట్టుకున్నారు. పొట్టి కొమ్మల మీద ఆకులు గుత్తులుగా ఉంటాయి కదా అని దేవదారునీ లార్చ్‌నీ ఒక గుంపు చేశారు. నీ పాత పుస్తకంలో ఉన్నది అదే. విత్తనాలు చూస్తే ఆ గుంపు నిలవదు. దేవదారు విత్తనపు పైపొరలో ఫిర్‌కున్నట్టే రెజిన్ (చెట్టు జిగురు) తిత్తులుంటాయి, లార్చ్‌కి ఉండవు. డీఎన్ఏ కూడా అదే చెప్పింది: దేవదారు ఫిర్ వైపు, లార్చ్ డగ్లస్ ఫిర్ (పేరులో ఫిర్ ఉన్నా వేరే ప్రజాతి) పక్కన. పొట్టి కొమ్మలు ఉండటం చుట్టరికానికి రుజువు కాదు.

నేను మంచులో ఒంటరిగా తిరుగుతానని అమ్మ బెంగపడుతోందన్నావు. చూడాల్సిన చెట్లన్నీ రోడ్డు పక్కనే ఉన్నాయి, అడవిలోకి వెళ్లే పనే లేదు. ఈ మాట అమ్మకి చదివి వినిపించు. నాన్న మందులు మానేయకుండా నువ్వే చూడాలి.

గుర్తుపట్టడానికి ఆకు పొడవు కొలుస్తూ కూర్చోకు, నీడకీ వయసుకీ అది మారుతుంది. ఆకు లాగి, ఊడిన చోటు భూతద్దంతో చూడు. గుండ్రని నున్నని మచ్చ ఉంటే ఫిర్. చిన్న కొయ్యమేకులా పొడుచుకొచ్చి, పాత కొమ్మ వేలికి గరుగ్గా తగిలితే స్ప్రూస్. హెమ్‌లాక్‌కీ మేకులుంటాయి కానీ చిన్నవి. దాని ఆకు చదునుగా, పొట్టి కాడతో ఉంటుంది. ఫిర్ శంకువు నిటారుగా నిలబడి, చెట్టు మీదే పొలుసులు రాల్చేసుకుంటుంది, మధ్య కాడ మిగులుతుంది. స్ప్రూస్ శంకువు వేలాడి మొత్తంగా పడుతుంది. కాబట్టి చెట్టు కింద చెక్కుచెదరని ముదురు శంకువు దొరికితే అది ఫిర్‌ది కాదనుకో. పొలుసుల మధ్య నుంచి మూడు మొనల బ్రాక్టులు బయటికొస్తే డగ్లస్ ఫిర్.

పైనస్‌లో గుత్తికి ఎన్ని సూదులో లెక్కపెట్టడంతోనే ఆగిపోతే దెబ్బతింటావు. చిర్ పైన్‌కీ మూడే, గింజలు తినే చిల్గోజా పైన్‌కీ మూడే. కానీ చిర్ గుత్తి అడుగున తొడుగు ఉండిపోతుంది, ఆకు అడ్డుకోతలో రెండు నాళికాపుంజాలు (నీళ్లూ ఆహారమూ మోసే గొట్టాల కట్టలు). చిల్గోజా తొడుగు రాలిపోతుంది, పుంజం ఒక్కటే. అందుకే అది ఐదు సూదుల పైన్లున్న స్ట్రోబస్ ఉపప్రజాతిలోకి వెళ్తుంది. కోత కొత్త బ్లేడుతో ఆకు మధ్యలో, నిలువుకి సరిగ్గా అడ్డంగా పడాలి. ఏటవాలుగా పడితే దగ్గరదగ్గరగా ఉన్న రెండు పుంజాలు ఒకటిగా కనబడి మోసం చేస్తాయి.

హెర్బేరియం, అంటే నొక్కి ఎండబెట్టి దాచే మొక్కల నమూనాల సంగతి మరిచాను. స్ప్రూస్, హెమ్‌లాక్ కొమ్మలు ఎండితే ఆకులన్నీ రాలిపోతాయి. నొక్కేముందు మరిగే నీళ్లలో కాసేపు ముంచి, తడి ఆరనివ్వు. ఫిర్ శంకువుని పచ్చిగా ఉన్నప్పుడే కోసి దారంతో చుట్టి ఆరబెట్టు.

పేరు తేలకపోతే ఆకు ఊడిన చోటు, పొలుసు పైవైపు, గుత్తి అడుగు, ఈ మూడూ పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి పంపు.

నీ అన్నయ్య