ఏ విక్రమాదిత్యుడో చెప్పి అడగండి

సంపాదకుడు గారికి,

మా అమ్మాయి గ్రూప్‌-2కు చదువుతోంది. పోయిన వారం కోచింగ్‌ సెంటర్‌లో పెట్టిన మోడల్‌ టెస్టులో ఒక బిట్టు: ‘విక్రమాదిత్యుని ఆస్థాన కవి ఎవరు?’ ఆప్షన్లు కాళిదాసు, హరిషేణుడు, బిల్హణుడు, రవికీర్తి. తను బిల్హణుడని పెట్టింది. కీలో కాళిదాసు. మార్కు పోయింది. వెళ్లి అడిగితే, ‘అందరికీ తెలిసిన విక్రమాదిత్యుణ్నే తీసుకోవాలమ్మా’ అన్నారట.

అందరికీ తెలిసినవాడంటే ఎవరు? శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడిచే భేతాళ కథల రాజా? ఆయన చరిత్రకు చిక్కడు. క్రీ.పూ. 57 నాటి విక్రమ శకానికి పాత శాసనాల్లో కృత, మాళవ అనే పేర్లే ఉన్నాయి. విక్రముడి పేరు దానికి అంటుకున్నది కొన్ని వందల ఏళ్ల తర్వాత. నాణేల మీద విక్రమాదిత్య అని వేయించుకున్న గుప్తుల రెండో చంద్రగుప్తుడు 5వ శతాబ్దం మొదట్లోనే పోయాడు. నవరత్నాల్లో ఒకడని మనం బట్టీపట్టే వరాహమిహిరుడు 6వ శతాబ్దం వాడు. ఆ తొమ్మిదిమందీ ఒక్క కొలువులో ఎప్పుడు కూర్చున్నారో మరి!

చాళుక్యుల దగ్గరికొచ్చేసరికి ఆ బిరుదు వంశంలో పేరైపోయింది. కళ్యాణి చాళుక్య ఆరో విక్రమాదిత్యుడు 1076లో అన్న రెండో సోమేశ్వరుణ్ని దింపి గద్దెనెక్కాడు, తన పేరున కొత్త శకమే మొదలుపెట్టాడు, యాభై ఏళ్లు ఏలాడు. కాశ్మీరం నుంచి వచ్చిన బిల్హణుడు ‘విక్రమాంకదేవచరితం’ రాసింది ఈయన మీదే. కాళిదాసు ఏ రాజు కొలువులో ఉన్నాడన్నది చాలావరకు నమ్మకం మీద నడిచే సంగతి. బిల్హణుడు మాత్రం తన రాజు మీద ఏకంగా కావ్యమే రాసిపెట్టాడు. అయినా తప్పు మా అమ్మాయిదే!

ఈయన మనకు పరాయివాడేమీ కాదు. అప్పటి కాకతీయులు ఈయన సామంతులు. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీది రెండో ప్రోలరాజు నాటి జైన శాసనంలో ‘చాళుక్య విక్రమ’ 42వ ఏడు, హేవిళంబి అని ఉంటుంది. 1076 నుంచి లెక్కేస్తే 1117 వస్తుంది. అదే 42ను ‘అందరికీ తెలిసిన’ విక్రమ శకంలో లెక్కేశారో, ప్రోలరాజు క్రీ.పూ. 16కి వెళ్లి కూర్చుంటాడు.

బిట్‌ బ్యాంకుల్లో ఒకరు రాసింది ఇంకొకరు దించేస్తుంటారు కాబట్టి ఇలాంటివి ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. అసలు పరీక్షల్లో పేపర్‌ సెట్‌ చేసేవారైనా ‘గుప్త’ అనో ‘చాళుక్య’ అనో ఒక్క మాట చేర్చాలి. అది లేకుండా బిట్టు వచ్చేస్తే ప్రాథమిక కీ దశలోనే రెండు జవాబులకూ మార్కు ఇవ్వాలి, లేదంటే ఆ ప్రశ్నే తీసేయాలి.

– ఒక అభ్యర్థి తండ్రి, హనుమకొండ