ఆ ఆక్సిజన్ నీటిది

సంపాదకులకు,

ఆదివారం విద్యార్థుల పేజీలో కిరణజన్య సంయోగక్రియ గురించి రాస్తూ ‘మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ను ఆక్సిజన్‌గా మారుస్తాయి’ అన్నారు. పదో తరగతికి జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, చూస్తూ ఊరుకోలేకపోయాను. ఆ ఆక్సిజన్ నీటి నుంచి వస్తుంది. కాలిఫోర్నియాలో శాస్త్రవేత్తలు రూబెన్, కామెన్‌లు మామూలు దానికన్నా బరువైన రకం ఆక్సిజన్ ఉన్న నీటిని క్లోరెల్లా అనే నాచుకు ఇచ్చి 1941లోనే ఈ సంగతి తేల్చారు.

పత్రహరితం పట్టిన వెలుతురు శక్తితో నీటి అణువు విడిపోతుంది. ఆక్సిజన్ బయటికి పోతుంది. ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ వెళ్తుంటే, శక్తిని దాచుకునే పదార్థాలైన ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ తయారవుతాయి. కార్బన్ డయాక్సైడ్ చక్కెరగా మారడానికి ఖర్చయ్యేది వాటిలోని శక్తే.

మీరు వేసిన సమీకరణంలో నీటి అణువులు 6. వాటిలో ఉండే ఆక్సిజన్ పరమాణువులూ 6 మాత్రమే, మరి కుడివైపున్న 6 ఆక్సిజన్ అణువులకు 12 పరమాణువులు కావాలి కదా! ఎడమవైపు 12 నీటి అణువులు, కుడివైపు 6 వేస్తే పిల్లలకు తికమక ఉండదు.

బీకరు నీటిలో హైడ్రిల్లా అనే నీటిమొక్క మీద గరాటు బోర్లించి ఎండలో పెడితే, తెగిన కాడల నుంచి సన్నటి ఆక్సిజన్ బుడగలు వరసగా లేస్తాయి. నీడకు జరిపితే తగ్గిపోతాయి. మా పిల్లలు పోటీపడి లెక్కపెట్టేవారు, మార్కులు లేకపోయినా. ఆ బొమ్మ కూడా వేసి వచ్చే వారం సవరణ ఇవ్వగలరు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి